రైఫిల్ కంటే ముందు తూటా లెక్క

(డల్లాస్ శివారులో ఒక తెలుగు వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

పోస్టర్‌లో మిలిటరీ రైఫిళ్లు అని వేసేసరికి హాలు నిండింది. పోయిన నెల ఇక్కడే రిటైర్మెంట్ ఖాతాల మీద మాట్లాడిన పెద్దాయనకి ఇందులో సగం మంది కూడా రాలేదు. (నవ్వులు) నిజానికి అదే పనికొచ్చే సబ్జెక్ట్. ఇది సరదా సబ్జెక్ట్. సెలవు రోజు ఔట్‌డోర్ రేంజ్‌కి వెళ్లి వంద గజాల దూరంలో ఉన్న కాగితానికి చిల్లులు పెట్టడానికి, విదేశాల నుంచి దిగుమతైన సైనిక రైఫిల్ ఒకటి కొనాలనుకుంటే ఏం చూసుకోవాలి, అంతవరకే ఇవాళ్టి మాట. ఇంటి రక్షణ, వేట వేరే విషయాలు. వాటి జోలికి పోను.

రైఫిల్ సంగతికి ముందు, దాన్ని ఎవరు పట్టుకోవచ్చో చెప్పాలి. ఇక్కడ హెచ్-1బీ మీద ఉన్నవాళ్లని చేతులెత్తమని అడగను, చూస్తేనే తెలుస్తోంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, అమ్మానాన్నలు వచ్చే బీ-2, అన్నీ ఇందులోకే వస్తాయి. పన్నులు కడుతున్నాం, ఇల్లు కొన్నాం, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాం అంటే చట్టం వినదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో అందరూ చెప్పుకునేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన గడువు తీరని వేట లైసెన్స్. అది మీకు వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్ లాయర్నే అడగండి. వాట్సాప్ గ్రూపులో అడగకండి, నన్నూ అడగకండి.

కొనకపోతేనేం, రేంజ్‌లో అద్దెకి తీసుకుని నాలుగు పేల్చి వచ్చేస్తాం అంటారు. అద్దెకి తీసుకున్నా, స్నేహితుడిది పట్టుకుని పేల్చినా చట్టం దృష్టిలో అదీ దగ్గర ఉంచుకోవడమే. ఊరి నుంచి మామగారు వచ్చారు, టెక్సాస్ వచ్చినందుకు ఒకసారి తుపాకీ పట్టించి ఫొటో తీసి పంపుదాం అనుకుంటారు. ఆ ఫొటోనే రేపు సాక్ష్యం. ఆయన్ని రోడియోకి తీసుకెళ్లండి. (నవ్వులు)

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు, పౌరసత్వం వచ్చినవాళ్లు లైసెన్సున్న డీలర్ దగ్గర 4473 అనే ఫారం నింపాలి. ఎఫ్‌బీఐ వ్యవస్థలో మీ వివరాలు సరిచూస్తారు. చాలాసార్లు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ ఫారంలో మొదట్లోనే ఒక ప్రశ్న ఉంటుంది, అసలు కొంటున్నది మీరేనా అని. స్నేహితుడు హెచ్-1బీ మీద ఉన్నాడు కదా, వాడి డబ్బుతో నా పేరు మీద కొంటాను అంటే అది నేరం. 2022లో వచ్చిన చట్టంతో ఇలా వేరేవాళ్ల కోసం కొనడానికి 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. మనవాళ్లలో మొహమాటం ఎక్కువ. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఇక రైఫిల్ దగ్గరికి వస్తాను. మనం ఎలా ఎంచుకుంటామో నాకు తెలుసు. పేరు చూసి ఎంచుకుంటాం. మన ఈడువాళ్లు పొద్దున్నే పేపర్ తెరిస్తే, ఎన్‌కౌంటర్ వార్త చివర్లో ఒక ఎస్.ఎల్.ఆర్., రెండు త్రీ నాట్ త్రీలు, ఒక తపంచా స్వాధీనం అని ఉండేది. తర్వాత ఏకే-47 వచ్చి చేరింది. ఆ పేర్లు బుర్రలో ఉండిపోయాయి. ఇప్పుడు షాపులో అద్దాల వెనక అదే పేరు కనపడేసరికి చెయ్యి దురద పెడుతుంది. నేను చెప్పేదల్లా ఒకటే. ముందు తూటా చూడండి. అది దొరుకుతుందా, ఎంతకి దొరుకుతుంది, ఎవరు చేస్తున్నారు, రేపు దిగుమతి ఆగిపోతే ఏంటి పరిస్థితి? ఆ లెక్క తేలాక, ఆ తూటా పేల్చే రైఫిళ్లలో మంచిది చూసుకోండి. రైఫిల్‌కి డబ్బు ఒకసారే పెడతారు. తూటాకి పెడుతూనే ఉంటారు.

ఉదాహరణకి మోసిన్-నాగంత్ తీసుకోండి. రష్యాది, 1891 నాటి డిజైన్. 1930లో కొద్దిగా మార్చారు కాబట్టి 91/30 అంటారు. తులా, ఇజెవ్‌స్క్ ఫ్యాక్టరీల నుంచి కోటికి పైగా వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గ్రీజు పట్టించి గోదాముల్లో పడేసినవి సోవియట్ యూనియన్ కూలిపోయాక ఇక్కడికి పెట్టెలు పెట్టెలుగా దిగాయి. 2000ల్లో వంద డాలర్ల లోపే దొరికేది. పీపాలో చీపుళ్లు నిలబెట్టినట్టు నిలబెట్టి అమ్మేవాళ్లు. దాని తూటా 7.62x54ఆర్ సీల్ చేసిన డబ్బాల్లో వచ్చేది. డబ్బాకి 440 తూటాలు. ఒక్కోటి పావలా కూడా పడేది కాదు, అంటే డాలర్‌లో పావలా. ఆ రోజుల్లో మోసిన్ కొనడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు.

ఇప్పుడు అదే మోసిన్ మూడు నాలుగు వందలకి తక్కువ దొరకడం కష్టం. సైనిక మిగులు తూటా దాదాపు అయిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్తది ఒక్కోటి డాలర్ పైమాటే. వెళ్లినప్పుడల్లా వంద పేల్చారనుకోండి, నెలకోసారి వెళ్లినా ఏడాదికి పన్నెండు వందల డాలర్లు దాటుతుంది, రైఫిల్ ఖరీదుకి మూడింతలు. పైగా అది భుజాన్ని గట్టిగా తంతుంది. భుజానికి ఆనే మడమకి ఉండేది ఇనుప రేకే, రబ్బరు గిబ్బరు ఏమీ ఉండదు. నలభై పేల్చేసరికి చాలనిపిస్తుంది. మోసిన్ చెడ్డదని కాదు నా మాట. చరిత్ర ఇష్టమై, నెలకి ఇరవై తూటాలతో తృప్తిపడేవాళ్లకి అది ఇప్పటికీ బాగుంటుంది. చవక కదా అని కొనేవాళ్లు మాత్రం పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చారు.

ధరలు ఇలా ఎందుకు ఎక్కి దిగుతాయి? గిరాకీ కంటే దిగుమతి చట్టాల పాత్ర ఎక్కువ. ఆ కథ మన ఊళ్లోనే మొదలైంది. డౌన్‌టౌన్‌లో డీలీ ప్లాజా చూసే ఉంటారు, ఊరి నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్తాం కదా. 1963 నవంబర్ 22న కెన్నెడీని అక్కడ చంపిన రైఫిల్ ఇటలీ సైన్యం వాడి వదిలేసిన కార్కానో. షికాగోలో ఒక స్పోర్ట్స్ షాపు పత్రికలో వేసిన ప్రకటన చూసి హంతకుడు ఆస్వాల్డ్ పోస్టులో తెప్పించుకున్నాడు. దుర్భిణితో కలిపి 19 డాలర్ల 95 సెంట్లు, పోస్టేజీ అదనం. ఆ తర్వాత మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ హత్యలు కూడా జరిగాక 1968లో గన్ కంట్రోల్ యాక్ట్ వచ్చింది. పోస్టులో రైఫిల్ తెప్పించుకోవడం ఆగింది, విదేశీ సైనిక మిగులు దిగుమతి కూడా ఆగింది. 1984లో చట్టం సవరించి, పాత వస్తువులుగా లెక్కకొచ్చే రైఫిళ్లకి మళ్లీ తలుపు తెరిచారు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నది ఆ లెక్కలోకి వస్తుంది. నేను చెప్పిన మోసిన్ వరద ఆ తలుపులోంచి వచ్చిందే.

1989లో పెద్ద బుష్ హయాంలో సెమీ ఆటోమేటిక్ సైనిక తరహా రైఫిళ్ల దిగుమతి ఆపారు. 1994లో చైనా తుపాకులు, తూటాలు ఆపారు. 2014లో క్రిమియా గొడవతో కలాష్నికోవ్ కంపెనీ మీద ఆంక్షలు, సైగా రైఫిళ్లు బంద్. 2017లో మోలోత్ కంపెనీ వంతు, వేప్ర్ రైఫిళ్లు బంద్. 2021లో రష్యా ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ మీద విషప్రయోగం కారణంగా రష్యా తూటాలకి కొత్త దిగుమతి అనుమతులు ఆపేశారు. అప్పటిదాకా ఇక్కడ ఏకే రకం వాళ్లందరూ పేల్చింది చాలావరకు రష్యా ఉక్కు తూటాలే. పాతిక సెంట్లకి అటూ ఇటూ దొరికే ఏకే తూటా 7.62x39 ఇప్పుడు దాదాపు రెట్టింపు. సైబీరియాలో ఎవరికో విషం పెడితే డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మన ఆదివారం ఖర్చు పెరిగింది. అందుకే తూటా ఏ దేశం నుంచి వస్తోందో చూడమంటాను. ఇప్పుడు సెర్బియా, బోస్నియా, చెక్ దేశాల నుంచి వస్తోంది. సెర్బియాలో ఊజిత్సే అనే ఊళ్లో ప్ర్వి పార్టిజాన్ అని ఒక ఫ్యాక్టరీ ఉంది. పాత సైనిక రైఫిళ్ల తూటాలు దాదాపు అన్ని రకాలూ చేస్తారు. వాళ్లు లేకపోతే మాలాంటి వాళ్ల రైఫిళ్లు సగం గోడకి వేలాడేవే.

సభలో ఒకరు: అంటే ఏకే కొనొద్దంటారా?

కొనండి, చెబుతున్నా. ముందు ఒక చిక్కు చెప్పనివ్వండి. ఇక్కడ పౌరులకి అమ్మే ఏకే రకం సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటే పేలుతుంది. పేపర్లో చదివిన ఏకే-47 అది కాదు. దిగుమతి చేసేటప్పుడు వేట రైఫిల్ రూపంలో తెచ్చి, ఇక్కడ కొన్ని అమెరికన్ భాగాలు వేసి మార్చి అమ్ముతారు. దీని మీద 922(ఆర్) అనే నిబంధన ఉంది. చట్టంలో 20 భాగాల జాబితా ఉంటుంది, ఆ రూపంలో బిగించిన రైఫిల్‌లో విదేశీ భాగాలు పదికి మించకూడదు. కొత్తగా కొన్నవాళ్లు యూట్యూబ్ చూసి పిడి మార్చేస్తారు, మ్యాగజైన్ మార్చేస్తారు, ఆ లెక్క తప్పిపోతుంది. కొన్నది కొన్నట్టు వాడుకోండి.

రకాల విషయానికొస్తే, రుమేనియాలో కుజిర్ అనే ఊరి నుంచి వచ్చే వాసర్-10, సెర్బియా జాస్తవా వాళ్ల ఎం70, ఈ రెండే ఎక్కువ దొరుకుతాయి. నా ఓటు జాస్తవాకి. రిసీవర్, అంటే లోపలి భాగాలన్నీ అమరే లోహపు పెట్టె, 1.5 మిల్లీమీటర్ల మందం, మామూలు ఏకే కంటే దిట్టం. కొత్తవాటిలో గొట్టానికి లోపల క్రోమ్ పూత ఉంది. కాకపోతే బరువెక్కువ, కొయ్య భాగాలు మిగతా ఏకేలవి దీనికి సరిపోవు. పాత రుమేనియా దిగుమతుల్లో గొట్టం కొసన గురిచూసే సైటు కాస్త పక్కకి ఒరిగినవి వచ్చేవి. కొనేముందు వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి. వెనక సైటు గాడి, ముందు పోస్టు, రెండూ నిటారుగా ఉన్నాయా లేదా అన్నది కంటికే తెలిసిపోతుంది. ఒక్క మాట, ఇదంతా టెక్సాస్ లెక్క. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో బంధువులున్నవాళ్లు నా మాట విని వాళ్లకి సలహా ఇవ్వకండి. అక్కడ ఇలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల మీద గట్టి నిషేధాలున్నాయి. మీరు అక్కడికి ఇల్లు మారినా ఇదే తలనొప్పి.

అదే తూటా పేల్చే ఇంకో రైఫిల్ ఎస్‌కేఎస్. సిమోనోవ్ అనే ఆయన డిజైన్, 1945. మ్యాగజైన్ విడిగా రాదు, పది తూటాలు పైనుంచి క్లిప్పుతో దించాలి. కొయ్య భుజానికి హాయిగా ఆనుతుంది. యుగోస్లావియావి, చైనావి ఎక్కువ. చైనావి 1994 తర్వాత రావట్లేదు కాబట్టి ధర ఎక్కింది. దీంట్లో మాత్రం ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. గోదాముల్లో దాచేటప్పుడు కాస్మోలిన్ అనే చిక్కటి గోధుమరంగు గ్రీజు పట్టిస్తారు. ఏళ్ల తరబడి అది బంకలా గట్టిపడుతుంది. తూటాని గొట్టంలోకి తోసి వెనక మూసే భాగం బోల్ట్. దాని లోపల తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ లేకుండా స్వేచ్ఛగా కదలాలి. గ్రీజుతో అది ముందుకే అతుక్కుపోతే, బోల్ట్ మూసుకోగానే ట్రిగ్గర్ ముట్టకుండానే తూటా పేలుతుంది, ఒకదాని వెంట ఒకటి. అందుకని కొన్నాక బోల్ట్ బయటికి తీసి పూర్తిగా శుభ్రం చేయాలి. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల పిన్ టిక్కుటిక్కుమనాలి. చప్పుడు రాకపోతే రేంజ్‌కి తీసుకెళ్లొద్దు.

స్విట్జర్లాండ్ కే31 గురించి రెండు ముక్కలు. బోల్ట్ తిప్పక్కర్లేదు, నేరుగా వెనక్కి లాగి ముందుకి తోస్తే చాలు. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది, గురి కూడా అద్భుతం. తూటా 7.5x55, ఖరీదైనదే. మడమ రేకు రెండు స్క్రూలు విప్పితే కొన్నింట్లో చిన్న కాగితం చీటీ దొరుకుతుంది. ఆ రైఫిల్ మోసిన సైనికుడి పేరు, పటాలం రాసి ఉంటాయి. యుద్ధం చూడని సైన్యం, ఇంటి బీరువాలో దాచుకున్న రైఫిళ్లు, అందుకే గొట్టాలు ఇంత బాగుంటాయి. డబ్బుకి వెనకాడనివాళ్లకి, పాత బోల్ట్ రైఫిళ్లలో, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ ఆడించాల్సిన వాటిలో, నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్నది. (నవ్వులు) త్రీ నాట్ త్రీ.

లీ-ఎన్‌ఫీల్డ్. మన ఊళ్లో పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ భుజాన ఉండేది అదే. ఇండియాలో .303 నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సుకి ఇవ్వరు. అక్కడ రైఫిల్ లైసెన్స్ వచ్చినవాళ్లు ఎక్కువగా .315తో సరిపెట్టుకుంటారు. ఇక్కడ అదే .303ని మామూలు బోల్ట్ రైఫిల్‌లా కొనొచ్చు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడాలో చేసినవి, మన ఇషాపూర్‌లో చేసినవి, అన్నీ దొరుకుతాయి. తూటా ధర మోసిన్ కంటే తక్కువేం కాదు.

నేను చెప్పాలనుకున్నది దాని తమ్ముడి గురించి, ఇషాపూర్ 2ఏ1. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున రైఫిల్ ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడ చేసింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చేసరికి మన సైన్యం చేతిలో ఇంకా .303లే. ఎస్.ఎల్.ఆర్., అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, అప్పుడప్పుడే వస్తోంది, దాని తూటా 7.62 నాటో. సైన్యం అంతటికీ అది అందేలోపు, అదే తూటా పేల్చే బోల్ట్ రైఫిల్ ఉంటే బాగుంటుందని పాత లీ-ఎన్‌ఫీల్డ్ డిజైన్‌నే మెరుగైన ఉక్కుతో, కొత్త తూటా ఒత్తిడికి తట్టుకునేలా చేశారు. మొదట చేసిన 2ఏ రకం మీద వెనక సైటు రెండు వేల మీటర్ల దాకా ఉండేది, పాత అలవాటు. అంత దూరం ఎవరు కొడతారని 2ఏ1లో ఎనిమిది వందలకి తగ్గించారు. మ్యాగజైన్ పన్నెండు తూటాలది, నలుచదరంగా కిందికి కనపడుతుంది, .303తో పోలిస్తే చూడగానే తేడా తెలుస్తుంది. ముందు కొయ్యలో అడ్డంగా ఒక స్క్రూ దిగి ఉంటుంది. ఎండకి, వానకి కొయ్య చీలకుండా మనవాళ్లు వేసింది. లోహం మీద ఆర్.ఎఫ్.ఐ. అని, ఏ సంవత్సరమో ఉంటుంది. గన్ షోలో టేబుల్ మీద జర్మనీ, రష్యా రైఫిళ్ల మధ్య అది కనపడితే నేను ఆగకుండా వెళ్లలేను.

అది మనదని చెప్పి అమ్మజూపట్లేదు మీకు. తూటా లెక్కలో ఇది గెలుస్తుంది. 7.62 నాటో ఇవాళ్టికీ ప్రపంచమంతా చేస్తున్న తూటా. అమెరికాలోనే చేస్తారు, ఏ ఆంక్షలు వచ్చినా ఆగదు. పాత సైనిక బోల్ట్ రైఫిల్ కావాలి, తూటా కోసం వెతుక్కోకూడదు అంటే ఇదే దారి. షాపులో .308 వించెస్టర్ అని పక్కనే ఉంటుంది, చూడ్డానికి కవలలే. కానీ అది ఎక్కువ ఒత్తిడితో ఉండొచ్చు. 2ఏ1లో అది పేల్చొచ్చా లేదా అని ఏళ్లుగా వాదనలు నడుస్తున్నాయి. నేనైతే రైఫిల్ మీద ఏం రాసి ఉందో అదే పెడతాను.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? మొదట, ఖాళీగా ఉందో లేదో షాపువాడు చూసి ఇచ్చినా మీరు మళ్లీ బోల్ట్ తెరిచి, కళ్లతో చూసి, వేలితో తడిమి చూడండి. ఎవరూ తప్పుగా అనుకోరు. అలా చూడకపోతేనే మీ వైపు అదోలా చూస్తారు. తర్వాత గొట్టం మూతి. డమ్మీ తూటా ఒకటి అడిగి మూతిలో పెట్టి చూడండి. గుండు మొత్తం మునిగి ఇత్తడి అంచు దాకా వెళ్లిపోతే మూతి అరిగిపోయినట్టు. సైనికులు మూతి వైపు నుంచి కడ్డీ దూర్చి తుడిచీ తుడిచీ అక్కడే అరుగుతుంది. కొన్ని మోసిన్లకి అరిగిన మూతిని లోపలికి కాస్త తొలిచేసి ఉంటారు. పైకి వింతగా ఉన్నా గురికి ఢోకా ఉండదు. గొట్టంలోకి దీపం వేసి చూస్తే మెలికలు తిరిగిన గాడులు పదునుగా కనపడాలి. నల్లగా గుంటలు గుంటలుగా కనపడితే అది తుప్పు తిన్నది. బోల్ట్ మీద, పెట్టె మీద నంబర్లు కలుస్తున్నాయా చూడండి. కలవకపోయినంత మాత్రాన వదులుకోనక్కర్లేదు. కానీ అలాంటిది గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లి హెడ్‌స్పేస్ గేజ్ పెట్టించండి. బోల్ట్ మూసుకున్నాక తూటా వెనక ఎంత సందు ఉందో కొలిచే పరికరం అది. సందు ఎక్కువైతే తూటా వెనక భాగం చీలి వేడి గ్యాస్ మీ మొహం మీదికి రావొచ్చు. వెయ్యి డాలర్లు పెట్టి రైఫిల్ కొని గన్‌స్మిత్‌కి ఇచ్చే యాభై దగ్గర బేరమాడేవాళ్లని చూశాను. ఏనుగుని కొని అంకుశం దగ్గర వెనకాడటం అంటే అదే.

పాత మిగులు తూటా ఎవరైనా అమ్మితే, అది కరోసివ్‌దా అని అడగండి. పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక గొట్టంలో ఉప్పులాంటిది మిగులుతుంది, గాలిలో తేమ పీల్చుకుంటుంది. మన హ్యూస్టన్ వైపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు పట్టొచ్చు. నూనె రాస్తే పోదు, ఉప్పు నూనెలో కరగదు. వేడినీళ్లు పోయాలి. ఇంటికొచ్చి కెటిల్‌లో నీళ్లు కాచి గరాటాతో వెనక నుంచి గొట్టంలోకి పోసి, ఆరాక తుడిచి, అప్పుడు నూనె. రేంజ్‌లో అద్దాలు తుడిచే నీలం ద్రవం కొట్టుకుంటూ కనిపిస్తారు కొందరు. పని చేసేది అందులోని నీళ్లే.

రేంజ్‌కి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర ఒకాయన చిన్న అయస్కాంతం తీసి మీ తూటాల మీద తిప్పుతాడు. అంటుకుందా, ఆ పెట్టె లోపలికి రాదు. ఉక్కు కలిసిన గుండు వెనక ఇనుప గోడల్ని పాడు చేస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. ఇండోర్ రేంజ్‌ల్లో ఎక్కువగా ఇదే రూలు. చవగ్గా దొరికిందని ఉక్కు తూటా వెయ్యి కొనేముందు మీరు వెళ్లే రేంజ్‌కి ఫోన్ చేసి అడగండి. చెవులకి మామూలు మఫ్‌లు ఒక్కటే పెట్టుకుని ఈ రైఫిళ్ల పక్కన నిలబడొద్దు. లోపల ఫోమ్ ప్లగ్‌లు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. 140 డెసిబెల్స్ దాటితే ఒక్క పేలుడుకే చెవి పాడవుతుంది, ఇవన్నీ దాన్ని దాటినవే. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లల్ని ఎత్తుకోకండి, సీసం అంటుకుని ఉంటుంది.

అసలు ఎప్పుడూ పేల్చనివాళ్లు ఎవరైనా ఉంటే, ఇవేవీ వద్దు. ముందు .22 రైఫిల్ కొనుక్కోండి. తూటా పది సెంట్లలోపే. గురి, ఊపిరి, వేలు, అన్నీ దాని మీదే అలవాటవుతాయి. పెద్ద రైఫిల్‌తో మొదలుపెట్టినవాళ్లు తన్నుకి భయపడి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకోవడం నేర్చుకుంటారు, ఆ అలవాటు వదలదు.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: అన్నా, నేను సిటిజన్‌ని. మా ఆవిడ ఇంకా ఎఫ్-1 మీద ఉంది. ఇంట్లో పెట్టుకోవచ్చా?

మీరు పెట్టుకోవచ్చు. కానీ ఆమె చేతికి అందేలా ఉండకూడదు. సేఫ్ కొనండి, కోడ్ మీకొక్కరికే తెలియాలి. తాళం చెవి వంటింట్లో మేకుకి తగిలించడం లాంటివి వద్దు. కొనేముందు లాయర్తో ఒక గంట మాట్లాడుకోండి, ఆమె గ్రీన్ కార్డ్ విషయంలో రిస్క్ తీసుకోకండి. పిల్లలున్నవాళ్లకి ఎలాగూ సేఫ్ తప్పదు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే అదీ నేరమే.

ప్రశ్న: ఒక్కటే చెప్పండి సార్, మీరైతే ఏది కొంటారు?

అందరికీ ఒకటే జవాబు ఉండదమ్మా. తరచుగా వెళ్లి ఎక్కువ పేల్చాలంటే జాస్తవా, తూటా ధర మధ్యస్థంగా పడుతుంది. నెమ్మదిగా, ఒక్కోటీ గురిచూసి పేల్చాలంటే బోల్ట్ రైఫిల్, అందులో గొట్టం బాగున్న 2ఏ1. అది దొరక్కపోతే తొందరపడకండి, వచ్చే గన్ షో చూద్దాం.

ప్రశ్న: ఇండియా వెళ్లేటప్పుడు ఏమైనా జాగ్రత్త?

మంచి ప్రశ్న. రైఫిల్ తీసుకెళ్లే ఆలోచన ఎవరికీ ఉండదనుకుంటాను. సమస్య బ్యాగుతో. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌నే సర్దుకుని బయల్దేరతారు. అడుగున లైనింగ్ చిరుగులో ఒక తూటా దూరి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో స్కానింగ్‌లో అది బయటపడుతుంది. తెలియక వచ్చిందన్నా ముందు ఆయుధ చట్టం కింద కేసు, విమానం పోతుంది, తర్వాత లాయర్లు, వాయిదాలు. పేపర్లలో ఏడాదికి నాలుగైదుసార్లు చదువుతూనే ఉంటాం. కాబట్టి రేంజ్‌కి విడిగా ఒక బ్యాగు పెట్టుకోండి, రంగు కూడా వేరేది ఉంటే మంచిది. జాకెట్ జేబులు కూడా చూసుకోండి. ఇంకెవరైనా? లేకపోతే మైకు ఇచ్చేస్తాను, భోజనాలు మొదలుపెట్టమని అక్కడ సైగ చేస్తున్నారు.